ఆపినా ఆరని వేడి

గడచిన రంజాన్ మాసంలో మా మదరసా ఆవరణలో ఇఫ్తార్ కోసం హలీం వండుతున్నారు. పొయ్యిలోంచి కట్టెలు తీసివేసిన తరువాత కూడా వంటమనిషి పిల్లలను దేగ్ దరిదాపులకు రానివ్వలేదు. "మంట ఆరింది గానీ వేడి ఆరలేదు, దూరంగా ఉండండి" అంటూ ఒక పెద్ద విద్యార్థిని దానికి కాపలాగా నిలబెట్టాడు.

ఆ మరుసటి రోజే భూకంపాల గురించి పాఠం చెబుతూ మేము జపాన్‌లోని ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రం ప్రస్తావన తెచ్చాము. ఒక బాలుడు లేచి, "హజ్రత్! భూమి కంపించగానే యంత్రాలు వాటంతట అవే ఆగిపోయాయని మీరే అన్నారు. ఆగిపోయినవి ఎలా పేలాయి?" అని అడిగాడు. చాలామంది పెద్దలకు తోచని ప్రశ్న అది. నిన్నటి దేగ్‌ను గుర్తు చేసి మేము జవాబు చెప్పాము. ఆ జవాబునే మరికొంత విస్తరించి పాఠకుల ముందు ఉంచుతున్నాము.

ఆ మధ్యాహ్నం ఏం జరిగింది?

2011 మార్చి 11, మధ్యాహ్నం 2 గంటల 46 నిమిషాలు. జపాన్ ఈశాన్య తీరానికి ఆవల సముద్రగర్భంలో 9.0 తీవ్రతతో భూకంపం సంభవించింది. పసిఫిక్ ఒడ్డున ఒకుమా, ఫుతాబా అనే రెండు పట్టణాల పరిధిలో ఉన్న ఫుకుషిమా దాయిచి కేంద్రంలో ఆరు రియాక్టర్లు ఉన్నాయి. ఆ సమయంలో మొదటి మూడు మాత్రమే పని చేస్తున్నాయి. తక్కిన మూడింటిని తనిఖీల నిమిత్తం అంతకు ముందే నిలిపి ఉంచారు.

ప్రకంపనలను పసిగట్టిన వెంటనే నియంత్రణ కడ్డీలు ఇంధనం మధ్యకు దూసుకువెళ్ళాయి. క్షణాలలో అణు విచ్ఛిత్తి నిలిచిపోయింది. బయటి నుంచి వచ్చే విద్యుత్తు తెగిపోయినా అత్యవసర డీజిల్ జనరేటర్లు అందుకున్నాయి. అంతవరకూ అంతా అనుకున్నట్లే సాగింది.

అయితే అణు ఇంధనానికి ఒక స్వభావం ఉంది. విచ్ఛిత్తి ఆగిపోయినా, అప్పటికే అందులో పుట్టి ఉన్న రేడియోధార్మిక పదార్థాలు క్షీణిస్తూ వేడిని వెలువరిస్తూనే ఉంటాయి. రియాక్టరు ఆగిన తొలి క్షణాల్లో ఈ వేడి, పూర్తిస్థాయిలో పని చేసేటప్పటి వేడిలో నూటికి ఆరేడు వంతులు ఉంటుంది. గంటలు గడిచేకొద్దీ తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. అందువల్ల ఆగిన రియాక్టరుకు సైతం రేయింబవళ్ళు నీరు అందుతూ ఉండాలి. నీరు అందాలంటే పంపులు తిరగాలి. పంపులు తిరగాలంటే విద్యుత్తు కావాలి.

భూకంపం వచ్చిన సుమారు 50 నిమిషాలకు సునామీ ఆ గొలుసును తెంచివేసింది. రియాక్టర్ల భవనాలు నిలిచిన నేల సముద్ర మట్టానికి 10 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడికి చేరిన నీరు 14, 15 మీటర్ల మట్టం వరకు లేచింది. జనరేటర్లలో అధిక భాగం నేలమాళిగల్లో ఉన్నాయి. అవి మునిగిపోయాయి. విద్యుత్తును పంపిణీ చేసే పలకలూ, బ్యాటరీలూ తడిసిపోయాయి. ఆరవ రియాక్టరుకు చెందిన ఒకే ఒక్క జనరేటరు మిగిలింది. అదే ఐదు, ఆరు రియాక్టర్లను కాపాడింది. మిగిలిన భాగమంతా అంధకారంలో మునిగింది.

చీకటి గదిలో మనుషులు

ఒకటి, రెండు రియాక్టర్ల నియంత్రణ గదిలో దీపాలు ఆరిపోయాయి. కొలత పరికరాలు మూగబోయాయి. లోపల నీరు ఎంత ఉందో, ఒత్తిడి ఎంత పెరిగిందో చెప్పే సాధనం లేకుండా పోయింది. సిబ్బంది వాహనాల నుంచి బ్యాటరీలను ఊడదీసి తెచ్చి, తీగలు కలిపి, చేతి దీపాల వెలుగులో ఆ కొలతలను చదివారు. తెలియని దానికి చికిత్స చేయలేమన్న సంగతి వైద్యునికే కాదు, వారికీ అనుభవంలోకి వచ్చింది.

నీరు తగ్గి ఇంధన కడ్డీలు బయటపడ్డాయి. ఆ కడ్డీల తొడుగులు జిర్కోనియం మిశ్రమ లోహంతో చేసినవి. మన దేశపు రియాక్టర్లకు అటువంటి గొట్టాలు హైదరాబాదులోని అణు ఇంధన సముదాయంలోనే తయారవుతాయి. ఈ లోహం బాగా వేడెక్కినప్పుడు నీటి ఆవిరితో చర్య జరిపి హైడ్రోజన్‌ను పుట్టిస్తుంది. ఆ హైడ్రోజన్ భవనాల పైభాగాలకు చేరి మండింది. మార్చి 12న మొదటి భవనం, 14న మూడవ భవనం పేలిపోయాయి. మూడవ దాని నుంచి ఉమ్మడి గొట్టాల గుండా పాకిన హైడ్రోజన్ వల్ల 15న నాలుగవ భవనం సైతం పేలింది. బాలుడు అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. యంత్రం ఆగింది గానీ వేడి ఆగలేదు. ఆ వేడికి నీరు కరవైంది.

పేలుళ్ళకు ముందు మొదటి రియాక్టరులో ఒత్తిడిని తగ్గించడానికి ఆవిరిని బయటకు వదలవలసి వచ్చింది. విద్యుత్తు లేదు గనుక మనుషులే లోనికి వెళ్ళి కవాటాలను చేతితో తిప్పాలి. వయసులో పెద్దవారిని ఎంచుకొని, ఇద్దరిద్దరి జట్లుగా పంపారు. యువకులను వెనుక ఉంచారు. మొదటి జట్టు తన పని ముగించుకొని వచ్చింది. రెండవ జట్టు రేడియేషన్ తీవ్రతకు సగం దారిలోనే వెనుదిరిగింది.

అగ్నిమాపక వాహనాల గొట్టాలతో రియాక్టర్లలోకి మంచినీటిని ఎక్కించారు. అది నిండుకున్నాక సముద్రపు నీటిని ఎక్కించారు. ఉప్పునీరు చేరిన రియాక్టరు మళ్ళీ పనికిరాదని వారికి తెలుసు. మార్చి 12 సాయంత్రం, ప్రభుత్వ పెద్దల నిర్ణయం ఇంకా రాలేదు గనుక సముద్రపు నీటిని ఆపమని టోక్యోలోని కంపెనీ ప్రధాన కార్యాలయం నుంచి ఆదేశం వచ్చింది. కేంద్రం అధిపతి మసావో యోషిదా వీడియో సమావేశంలో అందరికీ వినిపించేలా "ఆపండి" అన్నాడు. అంతకు ముందే తన మనిషికి, ఏం వినిపించినా ఆపవద్దని మెల్లగా చెప్పి ఉంచాడు. నీరు ఆగలేదు. ఆ నిర్ణయం సరైనదేనని అనంతరం అందరూ అంగీకరించారు. యోషిదా 2013 జూలైలో, 58వ ఏట అన్నవాహిక క్యాన్సరుతో మరణించాడు.

పొరుగు కేంద్రాలు ఎలా బయటపడ్డాయి?

అక్కడికి సుమారు 12 కిలోమీటర్ల దక్షిణాన అదే కంపెనీకి చెందిన ఫుకుషిమా దాయిని కేంద్రం ఉంది. అక్కడా సునామీ వచ్చింది, అక్కడా శీతలీకరణ పంపులు దెబ్బతిన్నాయి. కానీ బయటి నుంచి వచ్చే విద్యుత్ తీగ ఒకటి తెగకుండా మిగిలింది. దాదాపు 200 మంది సిబ్బంది బరువైన కేబుళ్ళను భుజాన మోసి, రెండు రోజులు తిరగకుండానే 9 కిలోమీటర్ల మేర పరిచారు. కేంద్రం అధిపతి నవోహిరో మసుదా వారిని పనిలోకి పంపే ముందు, ఎప్పుడెప్పుడు ఎంత తీవ్రతతో అనంతర ప్రకంపనలు వచ్చాయో తెల్లబోర్డుపై రాసి చూపాడు. ముప్పును దాచకుండా వారి ముందు పరిచాడు. మార్చి 15 నాటికి అక్కడి నాలుగు రియాక్టర్లూ చల్లబడ్డాయి.

భూకంప కేంద్రానికి మరింత సమీపంలో, వేరొక కంపెనీ నడిపే ఒనగావా కేంద్రం ఉంది. దాన్ని కట్టే నాడు యనొసుకే హిరాయి అనే ఇంజనీరు, ఎంత ఖర్చయినా ఎత్తైన నేలపైనే కట్టాలని పట్టుబట్టాడు. 14.8 మీటర్ల ఎత్తున కట్టారు. సుమారు 13 మీటర్ల అల వచ్చింది. కేంద్రం నిలిచింది. ఇళ్ళు కోల్పోయిన చుట్టుపక్కల ప్రజలు ఆ అణు కేంద్రం ఆవరణలోనే తలదాచుకున్నారు. హిరాయి అప్పటికే లోకంలో లేడు. ఆయన పట్టుదల మాత్రం పాతికేళ్ళకు పైగా కాపలా కాసింది.

ఇందుకు భిన్నంగా దాయిచిలో, సహజంగా 35 మీటర్ల ఎత్తున్న కొండగట్టును 10 మీటర్లకు చెక్కి కేంద్రాన్ని నిర్మించారు. 869వ సంవత్సరంలో ఆ తీరాన్ని ముంచెత్తిన మహా ఉప్పెన ఆనవాళ్ళను భూగర్భ శాస్త్రవేత్తలు మట్టి పొరల్లో గుర్తించారు. 2008లో కంపెనీ సొంత లెక్కల్లోనే 15.7 మీటర్ల సునామీ రావచ్చన్న అంచనా వచ్చింది. మరింత అధ్యయనం జరగాలంటూ రక్షణ చర్యలను వాయిదా వేశారు. ఆనాడు ప్రధాన కార్యాలయంలో ఆ విభాగానికి అధిపతి ఎవరు? ఇదే యోషిదా. ఆపద నాడు పై అధికారుల మాటను ఎదిరించిన ధీరుడే, ఆపద లేని నాడు ఒక చేదు లెక్కను పక్కన పెట్టినవారిలో ఒకడు.

ఆయనను నిందించడానికి ఈ మాట రాయడం లేదు. అగ్ని ముందు చూపే ధైర్యం ఒకటి. ఎండకాసే రోజున, అందరూ నిశ్చింతగా ఉన్న సమావేశంలో "ఇది చాలదు" అని చెప్పే ధైర్యం మరొకటి. రెండవది కరవైన చోట మొదటిది ఎంత ఉన్నా మూడు రియాక్టర్లను కాపాడలేకపోయింది. జపాన్ పార్లమెంటు నియమించిన స్వతంత్ర విచారణ సంఘం 2012లో ఇచ్చిన నివేదికలో దీనిని మనుషులు తెచ్చిపెట్టుకున్న ప్రమాదంగానే నిర్ధారించింది.

నేటికీ సాగుతున్న కాపలా

లక్షన్నరకు పైగా ప్రజలు ఆ ప్రాంతంలోని ఇళ్ళు విడిచిపోయారు. ఆసుపత్రుల నుంచి వృద్ధ రోగులను తొందరపాటుగా బస్సులలో తరలించినప్పుడు, దారిలోనూ, ఆ తరువాతి దినాల్లోనూ, ఒక్క ఆసుపత్రికి సంబంధించిన వారే 40 మందికి పైగా మరణించారు. వారి ప్రాణాలు తీసింది రేడియేషన్ కాదు. సరైన ఏర్పాటు లేని ప్రయాణం, మందులూ సంరక్షణా అందకపోవడం. ప్రమాద నిర్వహణ అంటే రియాక్టరును చల్లార్చడం ఒక్కటే కాదని, కదలలేని ముసలివారిని ఎవరు, ఎలా, ఎక్కడికి చేర్చాలో ముందే నిర్ణయించడం కూడా అందులో భాగమేనని ఆ మరణాలు తెలుపుతున్నాయి.

కేంద్రంలో పని నేటికీ ముగియలేదు. కరిగి గడ్డకట్టిన ఇంధనానికి నీరు పోస్తూనే ఉన్నారు. కొండవైపు నుంచి వచ్చే భూగర్భజలం భవనాల్లోకి చేరి కలుషితమవుతుంది. దానిని అడ్డుకోవడానికి నాలుగు భవనాల చుట్టూ నేలలోకి గొట్టాలు దించి, మట్టిని గడ్డకట్టించి, సుమారు ఒకటిన్నర కిలోమీటరు పొడవైన మంచు గోడను ఏర్పరచారు. కలుషిత జలాన్ని శుద్ధి చేసి వేయికి పైగా ట్యాంకులలో నిల్వ ఉంచారు. శుద్ధి చేసినా ట్రిటియం అనే పదార్థం నీటిలో మిగిలిపోతుంది. బాగా పలుచన చేసి దానిని సముద్రంలోకి వదలడం 2023 ఆగస్టులో ప్రారంభించారు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఆ పద్ధతి తన ప్రమాణాలకు అనుగుణంగా ఉందని చెప్పింది. అయినా స్థానిక జాలరుల మనసు కుదుటపడలేదు. ఒకసారి సడలిన నమ్మకాన్ని కొలతలు మాత్రమే తిరిగి తేలేవు.

మొదటి మూడు రియాక్టర్లలో కరిగిన ఇంధన శిథిలం సుమారు 880 టన్నులని అంచనా. 2024 ఆగస్టులో దాని నమూనాను తీయబోతే, పరికరాన్ని లోనికి నెట్టే గొట్టాలను తప్పు వరుసలో అమర్చినట్లు తేలి పనిని ఆపివేశారు. నవంబరులో ఎట్టకేలకు ఒక చిన్న తునకను బయటకు తెచ్చారు. దాని బరువు ఒక గ్రాము కన్నా తక్కువ. 880 టన్నుల ఎదుట ఒక గ్రాము కన్నా తక్కువ! ఇదంతా 2051 నాటికి ముగించాలన్నది వారి లక్ష్యం.

మనకు సంబంధించిన మాట

శ్రీకాకుళం తీరంలోని కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం నిర్మించాలన్న ప్రతిపాదన ఏళ్ళుగా ఉన్నది. అటువంటి కేంద్రాలు కావాలా వద్దా అన్నది ఈ వ్యాసపు విషయం కాదు. కానీ ఏ తీరంలో కట్టినా, ఎవరు కట్టినా, ప్రజలు అడగవలసిన ప్రశ్నలను ఫుకుషిమా మన చేతిలో పెట్టింది. నేల ఎంత ఎత్తు? మంచం పట్టిన అవ్వను ఎవరు మోసుకుపోతారు? చేదు అంచనా వచ్చిన నాడు దానిని ఎవరు వింటారు?

మన ఇళ్ళలో తరచుగా వినిపించే అమానతు అనే మాటను మనం సొమ్ముకో, నగలకో పరిమితం చేశాము. పది తరాల క్షేమం ఎవరి చేతిలో ఉంటే వారి చేతిలో ఉన్నదీ అమానతే. తవక్కుల్ పేరిట ఏర్పాట్లను విస్మరించడం కూడా తగదు. ఏర్పాటు చేయవలసినంతా చేసిన తరువాతనే భారం దైవంపై వేయడం శోభిస్తుంది.

పాఠం ముగిశాక ఆ బాలుడు మరో ప్రశ్న అడిగాడు. "హజ్రత్! అది ఎప్పటికి చల్లారుతుంది?"

"వారు అనుకున్నట్లు జరిగితే, నీ పిల్లలు నీ వయసుకు వచ్చే నాటికి" అన్నాము.

వాడు కాసేపు వేళ్ళపై ఏదో లెక్కించుకున్నాడు. "అంటే అంతవరకూ ఎవరో ఒకరు దేగ్ దగ్గర నిలబడే ఉండాలి" అన్నాడు.

ఔను, నాయనా. నిలబడే ఉండాలి.