జీడిపప్పు నడిచొచ్చిన దారి

పాయసంలో పలాస జీడిపప్పు పడాల్సిందే! కానీ ఆ పిక్క ఏ ఆఫ్రికా దేశంలోనో కాసి, ఓడలో విశాఖ చేరి, అక్కణ్నుంచి లారీలో మరో 200 కిలోమీటర్లు వచ్చిందై ఉండొచ్చు. ఉద్దానం పంట ఒక్కటే పలాస కర్మాగారాలకు చాలదు మరి. పైగా 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తోటల్ని కూల్చేసింది. మళ్లీ నాటిన మొక్క కాపుకొచ్చేసరికి ఏళ్లు పడుతుంది.

ఈ దారి ఖర్చునీ, గాల్లో కలిసే కార్బన్‌నీ కలిపి చూపించే సాఫ్ట్‌వేర్లున్నాయి. బరువు, దూరం, ఇంధనం... ఈ మూడే వాటికి ముడిసరుకు. పది టన్నుల లోడు 200 కిలోమీటర్లు వస్తే 2,000 టన్ను-కిలోమీటర్లు. ఒక్కోదానికి వంద గ్రాములనుకున్నా రెండు క్వింటాళ్ల కార్బన్ డయాక్సైడ్! లారీ ఖాళీగా తిరిగెళితే అదీ పద్దులో పడుతుంది.

భావనపాడు పేరుతో మొదలైన ఓడరేవుకి 2023 ఏప్రిల్ 19న మూలపేటలో శంకుస్థాపన జరిగింది. పిక్కల ఓడలు నేరుగా అక్కడికే వస్తే లారీ ప్రయాణం బాగా తగ్గుతుంది. మధ్యలో ఎక్కడో చిన్న ఓడలోకి మార్చాల్సొస్తే మాత్రం ఆ ఖర్చూ, పొగా కలుపుకోవాలి.

ఇంకో తిరకాసుంది. నాలుగు కిలోల పిక్కలకు పప్పు దక్కేది దాదాపు కిలోనే. మిగిలిన తొక్క వృథా కాదు, బాయిలర్లో మండుతుంది, కట్టెల ఖర్చు మిగులుతుంది. అయితే ఆ తొక్కని తూచి, పద్దు రాసిపెడితేనే కంప్యూటర్ లెక్కలోకి వస్తుంది.