రెండడుగుల వెలుగు

జీవితానికి ఒక దారి, ఒక గమ్యం ఉండాలని పెద్దలు చెబుతారు. ఆ మాట వినడానికి బాగానే ఉంటుంది. కాని పొద్దున్నే లేచి నీళ్ళు పట్టుకుని, పిల్లలను బడికి పంపి, పనికి పరుగెత్తే మనిషికి ఆ గమ్యం ఎక్కడ కనిపిస్తుంది? సొంత గడ్డ విడిచి తరాలుగా బయట స్థిరపడిన మనబోటి తెలుగు కుటుంబాలకు ఇది ఇంకా గట్టి ప్రశ్న. మన తాతలు పని వెతుక్కుంటూ వచ్చారు. కొందరు బట్టల మిల్లులకు, కొందరు రైల్వేకు, కొందరు ఓడరేవులకు వెళ్ళారు. మావాళ్ళు చిత్తూరు వైపు నుంచి కోలారు బంగారు గనులకు వచ్చారు. ఆ పనే వాళ్ళకు దారి, గమ్యం కూడా. మరి ఆ పనే ఆగిపోతే?

నేను క్రైస్తవుణ్ణి. మన పత్రికను అన్ని మతాలవారూ చదువుతారని నాకు తెలుసు. ఎవరినీ ఒప్పించాలని ఈ వ్యాసం రాయడం లేదు. నా విశ్వాసం ఆదివారం ఆరాధనకే కాక, సోమవారం నుంచి శనివారం దాకా ఏ విధంగా పనికొచ్చిందో చెప్పాలన్నదే నా ఉద్దేశం.

ల్యాంపు రూము పాఠం

కోలారు గనుల సంగతి కొత్త తరం వారికి తెలియకపోవచ్చు. 1880లో జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ తవ్వకాలు మొదలుపెట్టింది. 1902లోనే శివసముద్రం జలపాతం నుంచి ఈ గనులకు కరెంటు వచ్చింది. దేశంలో చాలా పట్టణాలకు అప్పటికి కరెంటంటే ఏమిటో తెలియదు. ఛాంపియన్ రీఫ్ గని భూమిలోకి 3 కిలోమీటర్లకు పైగా దిగింది. అంత లోతున రాయి పొయ్యి మీది పెనంలా వేడెక్కి ఉంటుంది. పైన ఎంత ఎండ కాసినా అక్కడ మాత్రం ఎప్పుడూ చీకటే.

మా తాత, మా నాయన లోపలికి దిగి పనిచేశారు. నాకు ల్యాంపు రూములో పని దొరికింది. టోపీకి తగిలించుకునే దీపాలకు చార్జింగు పెట్టడం, షిఫ్టుకు వచ్చినవాళ్ళకు అందించడం, తిరిగి వచ్చాక తీసుకుని తుడిచి పెట్టడం నా పని. ఒక్కొక్కరికీ ఒక నంబరు బిళ్ళ ఉండేది. బిళ్ళ ఇచ్చి దీపం తీసుకోవాలి, దీపం ఇచ్చి బిళ్ళ తీసుకోవాలి. షిఫ్టు ముగిశాక ఏ దీపమైనా వెనక్కి రాకపోతే, ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడన్నమాట. వెంటనే కబురు చేయాలి. చూడడానికి అది చిన్న పనే. కాని ప్రతి దీపం వెనుక ఒక ఇల్లు ఎదురుచూస్తూ ఉండేది.

ఆ దీపానికి ఒక గుణం ఉంది. అది సొరంగమంతా చూపించదు, రెండు మూడు అడుగులే చూపిస్తుంది. మనిషి కదిలితే వెలుగూ కదులుతుంది. నిలబడిపోతే అదీ అక్కడే నిలిచిపోతుంది. బైబిలులో 119వ కీర్తన రాసిన భక్తుడు దేవుని మాటను పాదాల దగ్గరి దీపంతో పోల్చాడు. ఆ పోలిక బడిలో, గుడిలో చాలామంది విని ఉంటారు. మా లైన్లలో పుట్టిపెరిగిన పిల్లలకు మాత్రం దాన్ని ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. దారి పొడుగునా వెలుగు పరిచి ఉండదు, అడుగు వేసేవాడికి అడుగు మేరకు దొరుకుతుంది.

గని ఆగిన రోజు

లోతు పెరిగేకొద్దీ రాయిలో బంగారం పాలు తగ్గిపోయింది, తీసే ఖర్చు పెరిగిపోయింది. చివరికి 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. అప్పటికి నా వయసు 46. ఇంట్లో ముసలి తల్లి, ఇంటరు చదివే కూతురు, హైస్కూలు కొడుకు ఉన్నారు. చిన్నప్పటి నుంచి షిఫ్టు సైరనుతోనే మాకు పొద్దు పొడిచేది, సైరనుతోనే పొద్దు గూకేది. ఆ సైరను ఆగిపోయాక లైన్లలో మగవాళ్ళకు పొద్దు తెలియకుండా పోయింది. అరుగుల మీద కూర్చునేవాళ్ళు ఎక్కువయ్యారు, సారాయి దుకాణాల దగ్గర గుంపులూ పెరిగాయి.

నేనూ ప్రార్థన చేసేవాణ్ణి. 'ప్రభువా, దారి చూపించు' అని అడిగేవాణ్ణి. జవాబు ఒక కలలోనో, ఒక వాణిలోనో వస్తుందని ఎదురుచూసేవాణ్ణి. అలా నాలుగు వారాలు గడిచాక ఒక రాత్రి మా ఆవిడ అన్నం వడ్డిస్తూ అంది:

"ఏలీయా సంగతి గుర్తుందా? చచ్చిపోతే బాగుండునని చెట్టు కింద పడుకున్నవాడికి దేవుడు ముందు ఏమిచ్చాడు?"

"రొట్టె, నీళ్ళు."

"అవునా! తిని పడుకోమన్నాడు. మళ్ళీ లేపి తినమన్నాడు. పని సంగతి ఆ తర్వాత చెప్పాడు. మీరు ముందు తినండి, తిని నిద్రపోండి. పొద్దున సంగతి పొద్దున చూద్దాం."

మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో ఉన్న ఈ వృత్తాంతం మీద చాలా ప్రసంగాలు విన్నాను. అందరూ చివర వచ్చే మెల్లని స్వరం గురించే చెప్పేవారు. ఆ స్వరానికి ముందు తిండి, నిద్ర, నలభై రోజుల నడక ఉన్నాయని మా ఆవిడ చెబితేనే నా మనసుకు తట్టింది. కుంగిపోయిన మనిషికి గొప్ప ఆశయాలు చెప్పి లాభం లేదు. ముందు కడుపుకు అన్నం, కంటికి నిద్ర కావాలి.

తెల్లవారుజాము రైలు

మారికుప్పం నుంచి బంగారుపేట మీదుగా బెంగుళూరుకు రైలు ఉంది. గనులు మూతపడ్డాక వేలాది కుటుంబాలకు ఆ రైలే ఆధారమైంది. చీకటితో లేచి టిఫిను క్యారేజీ పట్టుకుని ఎక్కితే, మళ్ళీ చీకటి పడ్డాకే ఇల్లు చేరేది. పోనూ రానూ రోజుకు దాదాపు 200 కిలోమీటర్లు. ఇప్పటికీ మా ఊరివాళ్ళు చాలామంది అలాగే వెళ్ళి వస్తున్నారు.

తెలిసినవారి ద్వారా నాకు బెంగుళూరులో ఒక బట్టల ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా ఉద్యోగం దొరికింది. జీతం గనిలో వచ్చినదానిలో సగం కూడా కాదు. వెళ్ళే ముందురోజు సాయంత్రం మా పక్కింటతను వచ్చాడు. అతను లోపల కొయ్యలు నిలబెట్టే పనిలో ఆరితేరినవాడు. గని మూతపడ్డాక ఇల్లు కదలడం మానేశాడు.

"అన్నా, దేవుడు దారి చూపించినాడా నీకు?" అన్నాడు. ఆ మాటలో కొంత ఎగతాళి, కొంత ఆశ కలిసి వినిపించాయి.

"దారంతా చూపించలేదు తమ్ముడూ. రేపు తెల్లవారుజాము రైలు మాత్రం చూపించినాడు" అన్నాను.

అతను ఏమీ అనలేదు. వారం తర్వాత అదే పెట్టెలో నా ఎదుటి సీట్లో కూర్చున్నాడు. కట్టడాల దగ్గర సెంట్రింగు పనికి కుదిరాడు. కొయ్య కొట్టడం తెలిసిన చేయి కదా, మేస్త్రీ అతణ్ణి వదల్లేదు. అతను మా మతంవాడు కాదు, తర్వాతా మారలేదు. రైల్లో మేము నలుగురం కలిసి మెల్లగా ప్రార్థన చేసుకునేటప్పుడు పక్కనే కూర్చుని వినేవాడు. శుక్రవారాల్లో తన ఇంటి పూజ ప్రసాదం మాకు పంచేవాడు. ఆ పెట్టెలో మా అందరికీ ఒకటే దారి.

ఎవరి కోసం ఈ పని?

గేటు దగ్గర వచ్చేపోయే లారీల నంబర్లు రాసుకోవడం, తలుపు తీయడం, వేయడం నా పని. 'ఇందులో పరమార్థం ఏముంది?' అని ఎవరికైనా అనిపిస్తుంది. పౌలు కొలొస్సయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయంలో, ఏ పని చేసినా మనుషుల కోసమని కాక ప్రభువు కోసమని మనస్ఫూర్తిగా చేయమన్న సలహా ఉంది. ఆ మాట ఎవరికి రాశాడో గమనించాలి. రాజులకో పండితులకో కాదు, పని ఎంచుకునే స్వేచ్ఛ కూడా లేని దాసులకు రాశాడు. పౌలు కూడా డేరాలు కుట్టి పొట్టపోసుకున్నవాడే. పెద్ద పని దొరికినప్పుడే జీవితానికి అర్థం వస్తుందనుకుంటే లోకంలో చాలామందికి ఆ అర్థం ఎన్నటికీ అందదు. పనిలో మనసు పెడితే ఆ అర్థం గేటు దగ్గరికి కూడా వస్తుంది. ల్యాంపు రూములో బిళ్ళలు లెక్కపెట్టిన కళ్ళతోనే ఆ గేటు దగ్గర 14 ఏళ్ళు కూర్చున్నాను. రాత్రి ఆలస్యమైన కుట్టుపని ఆడపిల్లలు బస్సు ఎక్కేదాకా చూసి, లెక్క సరిపోయాకే నేను స్టేషనుకు బయలుదేరేవాణ్ణి. అలా చేయమని నాకు ఎవరూ చెప్పలేదు.

మన తెలుగు నేల చరిత్రలోనూ ఇలాంటి సంగతి ఒకటి ఉంది. 1876-78 కరువులో ఒంగోలు ప్రాంతం అల్లాడిపోయింది. అక్కడ ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అంతకుముందే భూముల సర్వే పని నేర్చినవాడు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి కల్పించాడు. తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. సంఘ చరిత్రల్లో ఆ అంకెనే ఎక్కువగా చెబుతారు. నాకు మాత్రం ఆ కాలువే గుర్తుంటుంది. ఎప్పుడో నేర్చిన సర్వే పని ఒక కరువులో అన్నమవుతుందని నేర్చుకున్న రోజున అతనికి తెలిసి ఉండదు.

బంగారం కంటె విలువైనది

బైబిలులో గని పని వర్ణన ఉందంటే చాలామంది ఆశ్చర్యపోతారు. యోబు గ్రంథం 28వ అధ్యాయం చదివి చూడండి. మనుషులు చీకటిని తొలగించి కొండల వేళ్ళదాకా తవ్వుతారని, జనసంచారం లేని చోట వేలాడుతూ పనిచేస్తారని, గద్ద కంటికి కూడా ఆ దారి కనబడదని అందులో ఉంది. మా నాయన ఆ అధ్యాయం చదివించుకుని, 'ఇది రాసినాయన మన షాఫ్టులో దిగినట్టుందే' అనేవాడు. అంత శ్రమపడి బంగారం తీసే మనిషికి జ్ఞానం ఎక్కడ దొరుకుతుందన్నది ఆ తర్వాతి ప్రశ్న. బంగారం ఇచ్చి దాన్ని కొనలేమని, దేవునియందు భయభక్తులు కలిగి చెడుకు దూరంగా ఉండడమే జ్ఞానమని ఆ అధ్యాయం ముగుస్తుంది. బంగారం తీసిన ఊరు చివరికి సైనైడు దిబ్బలతో మిగిలిపోవడం కళ్ళారా చూసినవాళ్ళం కనుక ఆ మాట మాకు బాగా ఎక్కుతుంది.

ఇంట్లో పాటించిన మూడు అలవాట్లు

దేవుని నడిపింపు అంటే మా ఇంట్లో మూడు చిన్న అలవాట్లు.

మొదటిది, రాత్రి భోజనాల ముందు అందరం కలిసి కూర్చోవడం. ఎంత అలసినా పది నిమిషాలు ఒక కీర్తన, ఒక భాగం చదవడం, ఒక ప్రార్థన. మా పిల్లలు బడిలో కన్నడం, ఇంగ్లీషు నేర్చారు, వీధిలో తమిళం నేర్చారు. తెలుగు అక్షరాలు మాత్రం బైబిలులో, 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకంలో నేర్చుకున్నారు. ఆ పుస్తకంలో ఎన్నో పాటలు రాసిన పురుషోత్తమ చౌదరి (1803-1890) ఒడిషాలోని పర్లాకిమిడి ప్రాంతంవాడు. ఆయన ఇంటి భాష తెలుగు కాదు. అయినా తెలుగులో పాడుకోవడానికి మనకు ఇన్ని కీర్తనలు ఇచ్చాడు. సరిహద్దు మీద పుట్టినవాడికీ ఒక పని ఉంటుందని మా పిల్లలకు ఆయన్నే చూపించేవాణ్ణి.

రెండవది, పిడికెడు బియ్యం. వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా మా ఆవిడ ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో పోసేది. ఆదివారం ఆ డబ్బా గుడికి చేరేది. అక్కడి నుంచి మాకంటె లేనివాళ్ళ ఇంటికి వెళ్ళేది. గని ఆగిన ఏడాది కూడా ఆమె ఆ డబ్బా మానలేదు. "మనం ఇచ్చే స్థితిలో ఉన్నామని పిల్లలకు తెలియాలి" అనేది. ఆ డబ్బా చూస్తూ పెరిగిన మా అమ్మాయి నర్సింగు చదివింది. ఇప్పుడు ఒక ఆసుపత్రిలో పనిచేస్తోంది.

మూడవది, ప్రతి ఉదయం ఒకే ప్రశ్న: 'ఈ రోజు నా చేతికి అందిన పని ఏది? దానివల్ల ఎవరికి మేలు?' జీవితమంతా ఎలా గడపాలని అడిగితే బుర్ర తిరుగుతుంది. ఈ రోజు ఏమి చేయాలని అడిగితే సాధారణంగా జవాబు దొరుకుతుంది. ప్రభువు నేర్పిన ప్రార్థనలో కూడా రొట్టె అడిగేది ఏ రోజుకు ఆ రోజే.

యువతరానికి ఒక మాట

ఈనాటి పిల్లలకు ఎన్నో దారులు కనిపిస్తున్నాయి. ఏది తమదో తెలియక ఆందోళన పడుతున్నారు. ఉద్యోగం పోయిందని, ర్యాంకు రాలేదని మనసు విరగ్గొట్టుకునే వారిని మన సంఘాల్లోనూ చూస్తున్నాం. అటువంటి పిల్లలు ఇంటికొస్తే 'నీ లక్ష్యం ఏమిటి?' అని మొదటే అడగకండి. పీట వేసి అన్నం పెట్టండి, కంటినిండా నిద్రపోనివ్వండి. మర్నాడు పొద్దున చేయడానికి ఒక పని అప్పగించండి. ఆ పని ఎవరికి మేలు చేస్తుందో కూడా చెప్పండి. మీది ఏ దేవుని గుడి అయినా సరే, సాయంత్రం ఒక పది నిమిషాలు వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని మన భాషలో ప్రార్థన చేయండి.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి, మోకాళ్ళు సహకరించడం లేదు. రైలు ఎక్కే పని లేదు. లైన్లలో ఒంటరిగా ఉన్న ముసలివాళ్ళ మందుల చీటీలు చదివి, ఏ మాత్ర ఎప్పుడో పొట్లాల మీద తెలుగులో రాసిపెట్టడం ఇప్పటి నా పని. రేపు నాలుగు ఇళ్ళు ఉన్నాయి.