లైసెన్సు చేతికొచ్చినా గురి కుదిరేదెక్కడ?

అమెరికాలో జింకల వేటకు వెళ్లే సామాన్యుడికి వించెస్టర్ 1894 నమూనా లీవర్ రైఫిల్ ఎంత సుపరిచితమో, భారతదేశంలో రైఫిల్ లైసెన్సు పొందిన గృహస్థుకు ఇషాపూర్ 315 బోరు రైఫిల్ అంత సుపరిచితం. నిర్మాణంలో ఈ రెండింటికీ పోలిక లేదు. వించెస్టర్‌లో కింది మీటను ముందుకు తోసి వెనక్కి లాగితే కొత్త తూటా గదిలోకి వస్తుంది. ఇషాపూర్ తుపాకిలో అదే పనికి బోల్టును చేత్తో ఆడించాలి. అయితే రెండూ తండ్రి నుంచి కొడుకుకు సంక్రమిస్తున్న ఆయుధాలే. రెండూ టెలిస్కోపుతో నిమిత్తం లేకుండా, ఇనుప గురి ఆధారంగా పనిచేసేవే.

తేడా కనిపించేది కొనుగోలు తర్వాతే. అక్కడ కొత్త తుపాకి కొన్నవారు ముందుగా ఫైరింగ్ రేంజికి వెళ్లి గురి సరిచూసుకోవడం ఆనవాయితీ. ఇక్కడ నెలల తరబడి కార్యాలయాల చుట్టూ తిరిగి తుపాకి సంపాదించిన వ్యక్తికి, దానిని ఒక్కసారైనా కాల్చి చూసుకునే చోటు దొరకడం దుర్లభంగా ఉంది.

హుగ్లీ తీరాన పుట్టిన తుపాకి

పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్‌లో 18వ శతాబ్దాంతంలోనే ఈస్టిండియా కంపెనీ తుపాకిమందు కర్మాగారాన్ని నెలకొల్పింది. 20వ శతాబ్దారంభంలో అదే చోట రైఫిళ్ల తయారీ మొదలైంది. సైన్యానికి త్రీ నాట్ త్రీ రైఫిళ్లను అందించిన కర్మాగారం ఇదే.

సైన్యం వాడే తూటా పౌరుల చేతికి చిక్కరాదన్నది నాటి బ్రిటిష్ పాలకుల విధానం. అందువల్ల ఆస్ట్రియాకు చెందిన మాన్లిచర్ తూటా కొలతలతో పౌరులకు వేరే రైఫిల్ రూపొందింది. దాని బోరు వ్యాసం అంగుళంలో వెయ్యింట 315 వంతులు, అంటే సుమారు 8 మిల్లీమీటర్లు. తుపాకి నిర్మాణం మాత్రం త్రీ నాట్ త్రీదే. పాలకులు మారినా ఈ విభజన మారలేదు. నేటికీ త్రీ నాట్ త్రీ నిషిద్ధ బోరు కాగా, 315 అనిషిద్ధ బోరుగా కొనసాగుతోంది.

విదేశీ తుపాకులను సాధారణ పౌరులు దిగుమతి చేసుకోవడంపై 1980లలో ఆంక్షలు వచ్చాయి. పేరొందిన షూటర్లకు మాత్రమే మినహాయింపు లభించింది. దరిమిలా దేశీయ విపణిలో ప్రభుత్వ కర్మాగారాలకు పోటీ దాదాపు లేకుండా పోయింది. 2021 అక్టోబరు 1న ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ బోర్డు రద్దు కావడంతో ఇషాపూర్ కర్మాగారం కాన్పూర్ కేంద్రంగా గల ప్రభుత్వ రంగ సంస్థ అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా అధీనంలోకి వచ్చింది.

ముందు కాగితాలు, తర్వాత తుపాకి

1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం అనిషిద్ధ బోరు లైసెన్సును జిల్లా మేజిస్ట్రేటు, కమిషనరేట్లున్న నగరాల్లో పోలీసు కమిషనరు మంజూరు చేస్తారు. దరఖాస్తుదారు పూర్వాపరాలపై పోలీసు నివేదిక తప్పనిసరి. ఆయుధాన్ని భద్రంగా వాడటంలో శిక్షణ పొందాలని 2016 నాటి నిబంధనలు నిర్దేశించాయి. ఒక వ్యక్తి వద్ద ఉండదగిన తుపాకుల సంఖ్యను 2019 నాటి సవరణ మూడు నుంచి రెండుకు కుదించి, లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. పెళ్లి ఊరేగింపుల్లో, ఉత్సవాల్లో నిర్లక్ష్యంగా కాల్పులు జరిపితే రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చునని కూడా ఆ సవరణ పేర్కొంది.

లైసెన్సుదారు తన తుపాకిని మరో లైసెన్సుదారుకు అమ్మదలిస్తే, కొనేవారి వివరాలను జిల్లా మేజిస్ట్రేటుకు లేదా పోలీసు స్టేషనుకు రాతపూర్వకంగా తెలిపి 45 రోజులు ఆగాలి. ఈలోగా కొనేవారు గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. తుపాకిపై ఉన్న సంఖ్య లైసెన్సులోని సంఖ్యతో సరిపోవాలి. బోల్టు ఆ తుపాకిదేనా, మరో దానిది తెచ్చి అమర్చారా అన్నది తేల్చుకోవాలి. గొట్టం లోపలి మెలికల గాళ్లు తుప్పు పట్టకుండా, గొట్టం కొస అరగకుండా ఉండాలి. పై మెరుగు ఎంత బాగున్నా గొట్టం చెడిన తుపాకికి గురి నిలవదు.

మిల్లీమీటరుతో పది సెంటీమీటర్లు

చూపు సరళరేఖలో సాగుతుంది. గుండు మాత్రం గొట్టం దాటిన క్షణం నుంచే భూమివైపు వంగుతూ పోతుంది. ఎంచుకున్న దూరంలో ఈ రెండింటినీ కలపడమే గురి సరిచేయడం. సైన్యంలోనూ ఎన్.సి.సి.లోనూ దీనిని జీరోయింగ్ అంటారు.

ముందుగా ఖాళీ తుపాకి నుంచి బోల్టు తీసి, గొట్టం గుండా లక్ష్యాన్ని చూసి, గురి కూడా అటే ఉన్నదీ లేనిదీ పరిశీలిస్తారు. చాలా లీవర్ రైఫిళ్లలో వెనుకనుంచి ఇలా చూసే వీలుండదు. ఆపైన గొట్టంలోని నూనెను తుడిచి, ఇసుక బస్తాపై తుపాకి ముందు చెక్కను ఆనించి, 25 మీటర్ల దూరంలో మూడు తూటాలు కాలుస్తారు. గొట్టాన్నే బస్తాపై ఆనిస్తే గుండు దారి తప్పుతుంది. ఒక్క గుండును బట్టి నిర్ణయానికి రాకూడదు. మూడు గుండ్లు పడిన చోట్ల మధ్య బిందువునే లెక్కలోకి తీసుకోవాలి. ఆ తర్వాత 50, 100 మీటర్లకు వెళ్లాలి. ప్రతి విడతకూ గొట్టం చల్లారనివ్వాలి.

సవరణ లెక్క సులభమే. ముందు, వెనుక గురుల మధ్య అర మీటరు ఎడం ఉన్న తుపాకితో 50 మీటర్ల దూరంలో గుండు 10 సెంటీమీటర్లు పక్కకు పడితే, గురిని జరపవలసింది ఒక్క మిల్లీమీటరు. గుండు ఎటు వెళ్లాలో వెనుక గురిని అటు జరపాలి. ముందు గురిని జరపవలసివస్తే అందుకు విరుద్ధ దిశలో జరపాలి. ముందు గురి ఎత్తు తగ్గితే గుండు పైకి పోతుంది. ఆకురాయితో ఒకసారి అరగదీస్తే ఆ లోహం తిరిగి రాదు కనుక ఈ పని నిపుణుడికి అప్పగించడమే క్షేమం.

కాల్చేందుకు చోటేది?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో, 1991 నాటి సవరణతో దేశంలో వినోద వేట ముగిసింది. స్పోర్టింగ్ రైఫిల్ అన్న పేరు మిగిలింది గాని, అడవిలో దానికి పని లేదు. సొంత పొలమైనా సరే, జనసంచారం ఉన్న ప్రాంతంలో గురి కోసం కాల్చడం ప్రమాదకరం. గుండు కిలోమీటర్ల దూరం పోగలదు. లైసెన్సు షరతులను ఉల్లంఘిస్తే కేసు కూడా తప్పదు. రైఫిల్ క్లబ్బుల్లో అత్యధికం 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, 50 మీటర్ల .22 పోటీలకు ఉద్దేశించినవే. పెద్ద బోరును తట్టుకునే మట్టికట్టలున్న రేంజిలు ప్రధానంగా సైన్యం, పోలీసుల చేతుల్లో ఉన్నాయి.

అయినా ప్రభుత్వాలకు గురిగల తుపాకుల అవసరం తీరలేదు. 2016లో బీహార్‌లోని మొకామా ప్రాంతంలో పంటలను పాడుచేస్తున్న మనుబోతులను కాల్చేందుకు హైదరాబాద్ నుంచి షూటర్లను రప్పించారు. రెండు వందలకు పైగా జంతువులు హతం కావడం కేంద్ర మంత్రుల మధ్యనే వివాదం రేపింది. అడవిపందులను కాల్చేందుకు ఆదేశాలిచ్చే అధికారాన్ని కేరళ ప్రభుత్వం 2022లో స్థానిక సంస్థలకు అప్పగించింది. అక్కడ ఆ పని లైసెన్సుదారుల తుపాకులపైనే ఆధారపడుతోంది. గురి తప్పిన తుపాకితో కాలిస్తే జంతువు గాయంతో పొదల్లోకి పోయి రోజుల తరబడి నరకయాతన పడుతుంది. వెతకబోయిన మనిషిపై తిరగబడే ప్రమాదమూ ఉంది.

ఎన్నికలొచ్చినప్పుడల్లా అనేకమంది తమ తుపాకులను పోలీసు స్టేషన్లలో డిపాజిట్ చేయవలసి వస్తుంది. తేమకు చెక్క ఉబ్బినా, గురికి చిన్న దెబ్బ తగిలినా తిరిగి చేతికొచ్చే తుపాకి మునుపటిలా కొట్టదు. ఐదేళ్లకోసారి లైసెన్సును తనిఖీ చేసే వ్యవస్థ ఉంది. జిల్లాకొక రేంజిలో ఏడాదికొక రోజు లైసెన్సుదారులకు కేటాయించినా, వారి తుపాకి గుండు ఎక్కడ పడుతున్నదో వారికైనా తెలిసే అవకాశం కలుగుతుంది.