లదాఖులో శీతకాలపు కూరతోట

హిమాలయములకు ఆవల, సముద్రమట్టమునకు సుమారు 3,500 మీటర్ల ఎత్తున లేహ్ పట్టణమున్నది. ఏడాది మొత్తమునకు అచ్చట కురియు వాన సుమారు 100 మిల్లీమీటర్లు మాత్రమే. శీతకాలపు రాత్రులలో ఉష్ణము సున్నకు 20 డిగ్రీల దిగువకు పడుట కలదు. మధ్యాహ్నము తిరిగిన పిదప లోయలో గాలి లేచి, చెట్టు చేమ లేని నేలపై దుమ్ము రేపుచు వీచును. కనుమలు మంచుతో మూసుకొనినచో క్రిందినుండి లారీలు రావు. పూర్వము అచ్చటివారు ఎండబెట్టిన ఆకులతోను, మట్టిలో పాతి దాచిన దుంపలతోను చలికాలమును గడిపెడివారు. నేడు విమానములు వచ్చుచున్నవి. కాని విమానమెక్కి వచ్చిన ఆకుకూర సామాన్యునకు అందునది కాదు.

ఇట్టి చోట జనవరిలో పాలకూర కోయుట ఎట్లు? నిప్పు రాజేసి కాదు; అచ్చట వంటచెరకే కరవు. ఉన్న సంపద ఎండ. ఏడాదిలో 300 రోజులకు పైగా ఆకాశము నిర్మలముగా నుండును. పగటి ఎండను పట్టి, గాలికి దొరకకుండ దాచి, రాత్రికి వాడుకొనుటయే ఇందలి కిటుకు. వేడి అన్నమును విసనకర్రతో విసరినచో ఎంత త్వరగా చల్లారునో మనమెరిగినదే. మొక్క విషయమున గాలి చేయు పనియు అట్టిదే.

ఇందుకు రెండు పద్ధతులు కలవు. మొదటిది గుంట. నేలను సుమారు మూడడుగుల లోతున త్రవ్వి, ఎరువు కలిపిన మట్టిలో విత్తనము చల్లి, పైన కర్రలు పరచి పాలిథీన్ పట్టా కప్పుదురు. గాలి పైనుండి పోవును; చుట్టునున్న నేల వెచ్చదనమును కాపాడును. లేహ్‌లో 1962లో వెలసి, నేడు డీహార్ అని పిలువబడు రక్షణ పరిశోధనశాల ఇట్టి సాగును వ్యాప్తి చేసినది. ఖర్చు స్వల్పము. కాని వంగి కలుపు తీయుట కష్టము.

రెండవది గోడల హరితగృహము. ఇది తూర్పు పడమరలుగా పొడవుగా నుండును. మూడు వైపుల పచ్చి ఇటుకల జంట గోడలు కట్టి, నడుమ గడ్డి కూరుదురు. దక్షిణపు వైపు మాత్రము పాలిథీన్ ఏటవాలుగా దిగును. డిసెంబరు చివర లేహ్‌లో మధ్యాహ్న సూర్యుడు 32, 33 డిగ్రీల ఎత్తుననే నిలుచును గనుక, కిరణములు లోపలి ఉత్తరపు గోడవరకు సాగును. నల్లరంగు పూసిన ఆ గోడ పగలు వేడెక్కి, రాత్రి ఆ వేడిని మెల్లగా విడుచును. ఫ్రాన్సు దేశపు జెరెస్ సంస్థ స్థానిక సంస్థలతో కలిసి ఇట్టివానిని గ్రామములలో కట్టించినది. ఆ కృషికి 2009లో ఆష్‌డెన్ పురస్కారము లభించినది.

వేడిని దాచుట ఎంత ముఖ్యమో, విడుచుటయు అంత ముఖ్యము. నిండు చలిలోను మిట్టమధ్యాహ్నము లోపల ఉక్క పట్టును. తేమ నిలిచి ఆకులకు బూజు పట్టును. అందుచే కొంతసేపు కిటికీ తెరచి, గాలి ముదురకముందే మూయవలెను. పట్టా వదులుగానున్నచో కొట్టుకొని చినుగును. అంచులను రాళ్లతో, మట్టితో బిగింపవలెను. ఆ ఎత్తున అతినీలలోహిత కిరణములు తీవ్రము గనుక సాధారణపు పట్టా త్వరలో పెళుసెక్కును. ఆ కిరణములకు తట్టుకొను రకమునే కొనవలెను.

చలికాలమున పాలకూర, మెంతి, కొత్తిమీర వంటి ఆకుకూరలే దక్కును. వెలుగును వెచ్చదనమును కోరు పండ్లకు, కాయలకు ఆ ఎండ చాలదు. వసంతమున బయటి నేల కరగకముందే లోపల నారు పోయుదురు. వేసవి వచ్చినంత టమాటా, కీర, ఖర్బూజా పండును.

ఇంతటి ఏర్పాటును నిలబెట్టునది నిత్యజాగ్రత్త. ప్రొద్దు క్రుంకగానే పట్టాపై కంబళియో గుడారపు గుడ్డయో కప్పవలెను. ఉదయమున ఎండ తగులగానే తీయవలెను. గడ్డు చలిలో ఒక్క రాత్రి మరచినచో వారముల శ్రమ తెల్లవారుసరికి గడ్డకట్టిపోవును. మరువని ఇంటివారికి, దారులు మూసుకొనిన నెలలలోను, పిల్లల పళ్లెములో పచ్చని కూర పడును.