నావకు గ్రీష్మవాసము

గోదావరిని వరదలలో చూచినవారు పెక్కుమంది. నావకు వరదకంటె ఎండయే పెద్ద పరీక్షయని ఎరిగినవారు కొలదిమంది. భద్రాచలము మొదలుకొని శబరి వచ్చి కలియు కూనవరము వరకు వైశాఖమునాటికి నది సన్నగిల్లి ఇసుకతిన్నెలు బయల్పడును. ఖమ్మం అడవుల అంచున ఎండ 45 డిగ్రీలు దాటు దినములును ఉండును. పనిలేని నావలు అప్పుడు ఒడ్డునకు చేరును. ఆ రెండు మూడు నెలలు వానిని మన మెట్లు కాపాడితిమో, శ్రావణములో అవియు మనల నట్లే కాపాడును.

నీటిలోనున్న పలక తడిని పీల్చి ఉబ్బి ప్రక్కపలకను గట్టిగా అదుముకొనును. ఎండలో తడి ఆరగానే ముడుచుకొనును. ఈ ముడుత నిలువున దాదాపు లేదు, అంతయు అడ్డముననే. అందుచేతనే అతుకులు విచ్చును. తడి మెల్లగా పోయిన నష్టము తక్కువ. లోపల పచ్చిగానుండి పైభాగ మొక్కసారిగా ఎండినచో పలకయే పగులును. టేకు మితముగా ముడుచుకొనును గనుకనే పడవ కొయ్యలలో దానికంత గౌరవము.

కాబట్టి నీడయే మొదటి మందు. బురద కడిగి, నావను బోర్లించి, చెద పట్టకుండ దుంగలమీద సమముగా నిలుపవలెను. పైన తాటాకు పందిరి వేసి, అడుగున గాలి ఆడనీయవలెను. తొలి వరద అందని మెరకను ఎంచుకొనుట మరువరాదు. నీడగల మడుగు దొరకినచో రాళ్లు వేసి నావను ముంచియుంచుట మరియొక పద్ధతి. తడి ఆరని కొయ్యకు బీట లేదు.

తొలకరికి ముందు అతుకులలోని పాత నార తీసి, నూనెలో తడిపిన కొత్త నార కూరి, గుగ్గిలము కాచి పూయుదురు. దీనినే కలాపత్తు అందురు. ఎండి విచ్చిన సందులో నారను బిగించి కూరరాదు. కొయ్య మరల ఉబ్బునపుడు అది పలకలనే తన్నివేయును. బరువెత్తుటకు ముందు నావను రెండు మూడు దినములు నీటిలో నాననీయవలెను.

భాషాభిమానులకు ఇందొక ముచ్చట కలదు. పడవ మన ద్రావిడపు మాట, నావ సంస్కృతము. లంగరు, సరంగు పారసీకమునుండి వచ్చినవి. కలాపత్తు అరబ్బీ మూలము కలది. పని నిలిచియున్నంతకాలమే ఈ మాటలును నిలుచును.

1965లో భద్రాచలమువద్ద వంతెన వెలసిన పిదప రేవులకు పూర్వపు సందడి తగ్గినమాట నిజము. కాని మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే యుండగా, 1986 ఆగస్టులో గోదావరి అచ్చట 75.6 అడుగులు, 2022 జూలైలో 71 అడుగులపైన పొంగినది. 2022లో వంతెనపై రాకపోకలే ఆగినవి. దారులు మునిగిన పల్లెకు ఆనాడు పడవయే దిక్కు. అతుకు విచ్చిన పడవను అప్పటికప్పుడు బాగుచేయుటకు వ్యవధి యుండదు. ఆ పని వేసవిలోనే, నది నిద్రించుచున్నపుడే, జరిగియుండవలెను.