తల్లిదండ్రుల ఆయాసము – ఇంటివారి కర్తవ్యము

పెద్దవయస్సు వచ్చినవారికి నాలుగడుగులు వేస్తే ఆయాసం రావడం సహజమేనని మన ఇండ్లలో అనుకొనడం పరిపాటి. వయస్సు వల్ల కలిగే అలసట వేరు, ఊపిరితిత్తులు చెడుట వల్ల కలిగే ఆయాసం వేరు. మొదటిది విశ్రాంతితో తీరుతుంది. రెండవది ఏండ్ల తరబడి నెమ్మదిగా పెరిగి, చివరకు రోగికే కాక, ప్రక్కన కూర్చున్న బిడ్డలకు కూడా నిద్ర లేకుండా చేస్తుంది. వైద్యులు దీనిని సి.ఓ.పి.డి. అంటారు.

చుట్ట, బీడీ, సిగరెట్టు దీనికి ముఖ్య కారణాలు. అయితే పొగాకు ముట్టని తల్లులకు కూడా ఈ వ్యాధి వస్తున్నది. కట్టెలు, పిడకలు మండే పొయ్యి ముందు ఊదుగొట్టం పట్టుకొని ముప్పది, నలుబది సంవత్సరాలు పొగ పీల్చినవారు వారు. వంటగ్యాసును పేద ఇండ్లకు చేర్చడానికి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్జ్వల పథకం ఆరంభమైనవి. కాని అంతకుముందు పీల్చిన పొగ చేసిన చెరుపు మిగిలియే ఉన్నది.

మన ఊపిరితిత్తులలో కోట్లకొలది సన్నని గాలిగదులు ఉన్నవి. వాటికి సాగి తిరిగి ముడుచుకొనే గుణం ఉండడం వల్లనే పీల్చిన గాలి తేలికగా వెలికి పోతుంది. ఈ వ్యాధిలో ఆ గదుల గోడలు శిథిలమవుతవి. శ్వాసనాళాలు వాచి, కఫంతో ఇరుకవుతవి. కనుక రోగికి గాలి లోనికి పోవడం కంటె వెలికి రావడం కష్టం. పాతగాలి లోపల నిలిచిపోగా క్రొత్తగాలికి చోటు చాలదు. ఈ సంగతి తెలిస్తే ఉపచారం ఎట్లా చేయవలెనో బోధపడుతుంది.

ఆయాసం వచ్చినపుడు "గట్టిగా పీల్చండి నాన్నగారూ" అని తొందరపెట్టరాదు. కూర్చుండబెట్టి, కొంచెం ముందుకు వంగి మోచేతులు బల్లమీద ఆన్చుకొనేటట్లు చూడవలెను. రెండు లెక్కించేంత సేపు ముక్కుతో పీల్చి, పెదవులు ముడిచి, నాలుగు లెక్కించేంత సేపు మెల్లగా వదలమనవలెను. ముఖానికి విసనకర్రతో గాలి తగిలిస్తే కొంత ఉపశమనం కలుగుతుంది. ఆ సమయంలో వారిచేత మాటలు చెప్పించరాదు. తల ఊపితే చాలే ప్రశ్నలే అడగవలెను.

పీల్చే మందు అలవాటైపోతుందనే భయం నిరాధారం. స్టిరాయిడు కలిసిన మందైతే, పీల్చిన పిమ్మట నోరు పుక్కిలించి ఉమ్మవలెను.

రక్తంలో ప్రాణవాయువు మిక్కిలి తగ్గినవారికి, రోజుకు 15 గంటలకు తక్కువ కాకుండా దానిని అందిస్తే ఆయుర్దాయం పెరుగుతుందని 1980, 1981 సంవత్సరాలలో అమెరికాలోను, బ్రిటనులోను ప్రకటితమైన పరిశోధనలు తెలిపినవి. అయితే జాలిపడి మనంతట మనమే మోతాదు పెంచడం ప్రమాదం. ఈ రోగులలో చాలమందికి వేలికి తగిలించే ఆక్సిమీటరులో 88 నుండి 92 వరకు ఉంటే చాలునని వైద్యులు నిర్ణయిస్తారు. అంతకు మించితే కొందరికి రక్తంలో బొగ్గుపులుసు వాయువు పేరుకొని మగత, తలనొప్పి, మతి తడబాటు కలుగుతవి. ప్రాణవాయువు వాడే గదిలో బీడీ, అగరువత్తి, దీపం ఏదియు వెలిగించరాదు.

కడుపు నిండితే ఊపిరి ఆడడం మరింత కష్టం. కనుక కొంచెం కొంచెంగా పలుమారులు పెట్టవలెను. పప్పు, పెరుగు, గ్రుడ్డు వంటి బలమైన ఆహారం తగ్గనీయరాదు. స్నానానికి పీట వేసి కూర్చుండబెట్టవలెను. ఏటేటా ఫ్లూ టీకా, వైద్యుడు చెప్పినట్లు న్యుమోనియా టీకా వేయించవలెను. కఫం పెరిగి పచ్చబడినా, పాదాలు వాచినా, ఎన్నడూ లేని మగత కమ్మినా ఆలస్యం చేయక వైద్యుని చూడవలెను.

ఇక మనం నోరు విప్పి అడగడానికి జంకే విషయం ఒకటున్నది. వ్యాధి ముదిరినపుడు వెంటిలేటరు పెట్టవలెనా, వద్దా? ఆసుపత్రిలో అర్ధరాత్రివేళ ఈ ప్రశ్న ఎదురైతే అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు ఒకరి ముఖం ఒకరు చూచుకొంటారు. ఎవరేమి చెప్పినా ఆ మాట జీవితాంతం మనస్సును తొలుస్తుంది. తల్లిదండ్రులు నిలకడగా ఉన్న రోజున, వైద్యుని సమక్షంలో, వారి కోరికను వారినే అడగడం అశుభం కాదు. అది వారికి మనమిచ్చే గౌరవం. ఇట్లా ముందుగా వ్రాసి ఉంచిన కోరికకు సుప్రీం కోర్టు 2018లో గుర్తింపునిచ్చి, 2023లో ఆ పద్ధతిని సులభం చేసినది.

సేవ చేసేవారి సంగతి కూడా మరువరాదు. ప్రతి రాత్రి ఒక్క కోడలో, ఒక్క కుమార్తెయో మేలుకొని ఉండడం న్యాయం కాదు. వంతులు వేసుకొనవలెను, దూరాన ఉన్న కుమారులు సెలవు పెట్టి వచ్చి తమ వంతు తీర్చవలెను. చెడిన ఊపిరితిత్తులను తిరిగి బాగుచేయడం మన చేతిలో లేదు. ఊపిరికై పెనుగులాడే తల్లికి, తండ్రికి తాము ఒంటరివారము కామనే ధైర్యం కలిగించడం మన చేతిలో ఉన్నది.