గేటు బయట నేర్చుకున్నది వేదిక మీద చెప్తారా?

డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద ఓ కాగితం కనిపిస్తుంది. 'విద్యార్థుల సదస్సు. ఇంటర్న్‌షిప్, కమ్యూనిటీ సర్వీస్, ఫీల్డ్ వర్క్ అనుభవాలపై ప్రెజెంటేషన్లకు ఆహ్వానం. 300 పదాల్లో అబ్‌స్ట్రాక్ట్ పంపండి.' మీరేం చేస్తారు? ఫొటో తీసి క్లాస్ గ్రూపులో పెడతారు. 'ఎవరైనా అప్లై చేస్తున్నారా?' అని అడుగుతారు. మళ్లీ చివరి తేదీ రాత్రికే అది గుర్తొస్తుంది. అప్పుడు ఇంటర్న్‌షిప్ రిపోర్టు తెరిచి, మొదటి పేజీ కాపీ చేసి పంపేస్తారు.

నేనూ అదే చేశాను. తిప్పి పంపారు.

నాది ట్రిపుల్ ఈ. మూడో సంవత్సరం వేసవిలో మా ఊరి దగ్గరున్న 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో ట్రైనింగ్ చేశాను. అబ్‌స్ట్రాక్ట్‌లో ట్రాన్స్‌ఫార్మర్ అంటే ఏంటి, సర్క్యూట్ బ్రేకర్ ఎందుకు, ఐసొలేటర్ ఎప్పుడు తీయాలి అని వరసగా రాశా. ఎంపిక కమిటీలో ఉన్న సార్ పిలిచి ఒకటే అడిగారు. "ఇదంతా పుస్తకంలో ఉందిగా. నువ్వు అక్కడికి వెళ్లకపోతే మాకు తెలియకుండా పోయేదేంటి?" జవాబు లేదు. రెండు రోజుల్లో మళ్లీ రాసి తెమ్మన్నారు.

ఆ రాత్రి నా నోట్‌బుక్ తిరగేస్తుంటే ఒక సంగతి దొరికింది. సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్ అన్న గంటకోసారి ఫీడర్ రీడింగులు లాగ్‌బుక్‌లో చేత్తో రాస్తాడు. పొలాలకు త్రీఫేజ్ కరెంటు ఇచ్చే టైముకి మాత్రం ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి ప్యానెల్ ముందుకొచ్చి నిలబడేవాడు. ఎందుకన్నా అంటే, "మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి, చూడు" అన్నాడు. సప్లై ఇవ్వగానే ఆంపియర్ మీటర్ ముల్లు ఎగిరి, మెల్లగా దిగేది. రైతులు మోటార్లకు ఆటోస్టార్టర్లు పెట్టుకుంటారు కదా, కరెంటు రాగానే మనిషి వెళ్లకుండానే అన్నీ ఆన్ అవుతాయి. ఇండక్షన్ మోటారు స్టార్టింగ్‌లో మామూలు కన్నా ఐదారు రెట్ల కరెంటు లాగుతుందని పరీక్షలో ఎన్నోసార్లు రాశాను. అది ఒక ఊరి పొలాలన్నిట్లో ఒకేసారి జరిగితే ఎలా ఉంటుందో మాత్రం అక్కడే చూశాను.

కొత్త అబ్‌స్ట్రాక్ట్ అదే ముక్కతో మొదలుపెట్టా: గంటకోసారి రాసే లాగ్‌బుక్‌లో ఆ ఎగురుడు అసలు కనపడదు, ఎందుకంటే అది కొన్ని సెకన్ల వ్యవహారం. ఈసారి తీసుకున్నారు. సదస్సులో ఒక మేడమ్, "లాగ్‌బుక్‌లో లేకపోతే నీకెలా తెలిసింది?" అని అడిగారు. "ముందు నిలబడి చూశాను మేడమ్" అన్నా. నిజానికి ఆ రోజు నా దగ్గరున్న గట్టి జవాబు అదొక్కటే.

కాబట్టి మీ 300 పదాల్లో కంపెనీ చరిత్ర, ఎంతమంది ఉద్యోగులు, విజన్, మిషన్ ఇవన్నీ తీసేయండి. ఏ పనిమీద వెళ్లారో రెండు వాక్యాలు చాలు. మిగతాదంతా మీరు అనుకున్నదానికీ అక్కడ కనిపించినదానికీ ఎక్కడ తేడా వచ్చింది, దాన్ని ఎలా పట్టుకున్నారు, ఇంకా తేలనిదేంటి అన్న దానికే ఖర్చు పెట్టండి. తేలనిది ఒప్పుకుంటే మార్కులు పోతాయని భయం అక్కర్లేదు. ప్రశ్నలు వచ్చేది అక్కడి నుంచే, వాటికి మీరు ముందే సిద్ధంగా ఉంటారు.

పెద్ద కంపెనీ పేరు ఉండాల్సిన పనీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీవాళ్లకు 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంది. ఎన్‌ఎస్‌ఎస్‌లో ఏడాదికి 120 గంటల సేవ, ఏడు రోజుల స్పెషల్ క్యాంపు ఉంటాయి. వీటిని చాలామంది రికార్డు సబ్మిట్ చేసి మర్చిపోతారు. మీరు ఓ ఊళ్లో నీళ్ల మీద సర్వే చేశారనుకోండి. 'తాగునీరు ఎక్కడిది?' అంటే అందరూ కుళాయి అన్నారు. వంటింటి మూల చూస్తే 20 లీటర్ల క్యాన్ ఉంది. ఫారంలో ఒకటి, ఇంట్లో ఒకటి. ఎందుకు? ప్రశ్న మార్చి మళ్లీ అడిగితే ఏమన్నారు? దీనికన్నా మంచి అబ్‌స్ట్రాక్ట్ ఏముంటుంది!

ఇప్పుడు కాస్త ఇబ్బందైన మాట. డబ్బు కట్టి, నాలుగు వీడియోలు చూసి సర్టిఫికెట్ తెచ్చుకునే 'ఇంటర్న్‌షిప్పులు' ఎలా ఉంటాయో మీకూ తెలుసు. మీది అలాంటిదైతే దాన్ని వేదిక ఎక్కించకండి. రెండో ప్రశ్నకే దొరికిపోతారు. దాని బదులు సెలవుల్లో నాన్నగారి కిరాణా కొట్లో కూర్చున్నారా? అప్పు ఖాతా పుస్తకం, ఫోన్‌పే స్కానర్ రెండూ ఒకే కౌంటర్ మీద ఎలా నడుస్తున్నాయో గమనించారా? 'ఇది మీ కేటగిరీలోకి వస్తుందా?' అని కోఆర్డినేటర్‌ని నేరుగా అడగండి. మహా అయితే కాదంటారు.

అనుమతి సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. కంపెనీలో చేరినప్పుడు సంతకం పెట్టిన కాగితంలో సమాచారం బయట పెట్టకూడదని ఉందేమో చూడండి. స్క్రీన్‌షాట్లు, కస్టమర్ల వివరాలు, కోడ్ అడగకుండా పెట్టొద్దు. మా ఏఈ గారు రీడింగులు వాడుకోమన్నారు కానీ ఫీడర్ పేరు రాయొద్దన్నారు. స్లైడ్ మీద 'ఫీడర్ ఎ' అని పెట్టా, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఊరి సర్వే అయితే మనుషుల పేర్లు, ముఖాలు కనిపించే ఫొటోలు వాళ్లను అడక్కుండా వాడకండి.

ఇంగ్లిష్‌లో మాట్లాడటం భయమా? పోస్టర్ ఆప్షన్ ఉంటే అది ఎంచుకోండి. హాలు మొత్తం ముందు కాకుండా, ఆగి చూసే ఇద్దరు ముగ్గురికి చెప్తారు. పదోసారి చెప్పేసరికి నోరు తిరుగుతుంది. తెలుగులో చెప్పొచ్చా అని అడగడంలోనూ తప్పు లేదు.

ఇంకో జాగ్రత్త. అప్లై చేసిన గంటకే 'సెలెక్టెడ్' అని మెయిల్ పంపి, వేలల్లో ఫీజు కట్టమనే 'ఇంటర్నేషనల్' సదస్సుల జోలికి వెళ్లొద్దు. మీ కాలేజీలోనో పక్క కాలేజీలోనో జరిగేది చాలు. నా క్యాంపస్ ఇంటర్వ్యూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి. అయినా ప్యానెల్ వాళ్లు రెజ్యూమెలో ఫైనలియర్ ప్రాజెక్టు వదిలేసి, 'సబ్‌స్టేషన్ లాగ్‌బుక్' అన్న లైన్ మీద వేలు పెట్టారు. పది నిమిషాలు దాని గురించే మాట్లాడుకున్నాం.

అన్నట్టు, అప్లికేషన్ మీద గైడ్ సంతకం కావాలేమో ముందే చూసుకోండి. చివరి రోజు మా సార్ సెలవులో ఉన్నారు. రెండు బస్సులు మారి వాళ్లింటికి వెళ్లి పెట్టించుకొచ్చా.